మబ్బు చాటు ఎండ, ముఖం మీద వయసు

అరకు వైపున్న వంజంగి కొండ మీద మబ్బుల కడలి చూడ్డానికి వచ్చేవాళ్లు ఒంటికి స్వెటరు, చెవులకు మఫ్లరు తెచ్చుకుంటారు. ముఖాన్ని మాత్రం వదిలేస్తారు. చల్లగా ఉంటే ఎండ లేదనే మన నమ్మకం. సూర్యోదయం వేళ అది కొంత నిజమే. ఫొటోలు, వెదురు బొంగులో చికెన్, కాఫీ తోటలు అంటూ మధ్యాహ్నం దాకా తిరిగేటప్పుడే చర్మానికి అసలు దెబ్బ. సముద్ర మట్టం నుంచి వెయ్యి మీటర్లు పైకెళితే అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది. పలచటి మబ్బు ఈ కిరణాలను పెద్దగా ఆపదు.

ముఖం ముసలిదవడంలో వయసు పాత్ర కొంతే, ఎండ పాత్ర చాలా ఎక్కువ. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొలాజెన్‌ను ఈ కిరణాలు లోపలి నుంచి విరగ్గొడతాయి. అయితే మన చామనచాయ చర్మానికి మెలనిన్ కొంత అండ. అందుకే తెల్లవాళ్లకంటే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. మనలో వయసు ముందు కనిపించేది బుగ్గల మీది మంగులో, నుదుటి నలుపులో, రంగు తేడాల్లో. విదేశీ ప్రకటన చూసి క్లినిక్‌కి పరుగెత్తేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తెల్లవాళ్ల ముఖానికి పనికొచ్చిన వైద్యం మన ముఖానికి అదే మోతాదులో పనికిరాకపోవచ్చు.

కోత లేని చికిత్సల్లో బొటాక్స్ పేరు అందరికీ తెలుసు. కెనడాకు చెందిన కారుథర్స్ దంపతులు కనుబొమల మధ్య గీతలకు దీన్ని వాడి, 1992లో ఫలితాలు ప్రచురించారు. ఈ వాడకాన్ని అమెరికా 2002లో అనుమతించింది. నరం నుంచి కండరానికి వెళ్లే ఆజ్ఞను ఈ మందు ఆపుతుంది. కండరం ముడుచుకోదు, గీత పడదు. మూడు నాలుగు నెలల తర్వాత మళ్లీ మామూలే. బుగ్గల గుంటలు నింపే ఫిల్లర్లు ఇంకొన్ని నెలలు నిలుస్తాయి. కానీ సూది పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. ఆ క్షణంలో విరుగుడు ఇంజెక్షన్ చేతిలో ఉండి, దాన్ని వాడటం తెలిసిన వైద్యుడే ఈ పని చేయాలి. పార్లర్‌లో చేయించుకోవడం ముమ్మాటికీ తప్పు.

పీల్, లేజర్ సంగతి వేరు. ఇవి చర్మాన్ని కావాలనే కొద్దిగా గాయపరిచి కొత్త పొరను రప్పిస్తాయి. ఆ లేత పొరకు ఎండ తగిలితే, పోగొట్టుకుందామనుకున్న నలుపు రెట్టింపై తిరిగొస్తుంది. పెళ్లి కుదిరాక విశాఖలో పీల్ చేయించుకుని, ఆ వారాంతమే ప్రీ వెడ్డింగ్ షూట్‌కి అరకు ఎక్కే జంటలను చూస్తే నాకు భయమేస్తుంది.

ఇక కొండల్లో పుట్టి పెరిగిన అవ్వల మాట. వాళ్ల ముడతల్ని మనం పోస్టర్ల మీద వేసి మురిసిపోతాం. ఆ ముడతల వెనక పోడు ఎండ ఉంది, పొయ్యి పొగ ఉంది, కొందరికి చుట్ట కూడా ఉంది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో పాత అలవాటు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, అంగిటి పుండ్లకూ క్యాన్సర్‌కూ ఆ అలవాటుతో ఉన్న ముడిని బయటపెట్టింది. పొగాకు ముఖాన్ని కూడా త్వరగా ముడతలు పడేలా చేస్తుంది. ఆ అవ్వకు కావాల్సింది నోటి పరీక్ష, పొగ లేని వంటిల్లు. ఆమె మనవరాలిది మరో కష్టం. తెల్లబడతావని చెప్పి అమ్మే స్టెరాయిడ్ క్రీము కొన్నాళ్లు మెరుపునిచ్చి, ఆ తర్వాత చర్మాన్ని పలచబరుస్తుంది, ఎర్రబారుస్తుంది, మొటిమలు తెస్తుంది. ఇలాంటి పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా కేంద్రం 2018లో నిబంధన బిగించింది. అయినా అమ్ముతూనే ఉన్నారు. దీన్ని ఆపడం ఏ లేజర్‌కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ముఖం బాగుండాలనుకోవడం తప్పేమీ కాదు. ముందు గొడుగు, టోపీ, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ అలవాటు చేసుకోండి. ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. సూది వేయించుకోవాలనిపిస్తే చర్మవ్యాధుల్లో పీజీ చేసిన వైద్యుడి దగ్గరికే వెళ్లండి, వైద్య మండలిలో ఆయన రిజిస్ట్రేషన్ చూసుకోండి. పీల్, లేజర్ చేయించుకుంటే మాత్రం అరకు ప్రయాణం వాయిదా వేయండి.