గులాబీ రంగు చెప్పే లెక్క: దంతెవాడ నీటిలో క్లోరిన్ ఎంత మిగిలింది?

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలెక్కినవారికి దంతెవాడ పేరు కొత్త కాదు. దారిలో ఎదురయ్యే గూడ్సు బండ్ల నిండా ఎర్రటి ఇనుప ఖనిజమే. బైలదిల్లా కొండల్లో 1968లో మొదలైన తవ్వకాల నుంచి వచ్చే ఖనిజం ఈ దారినే విశాఖ రేవుకు చేరుతుంది. అయితే ఆ ప్రాంతంలో ఇనుము కొండల్లోనే లేదు, తాగే నీటిలోనూ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో భూగర్భ జలంలో ఇనుము ఎక్కువగా ఉన్న జిల్లాల్లో దంతెవాడ ఒకటని కేంద్ర భూగర్భ జల మండలి గుర్తించింది. బోరింగు కొట్టగానే తేటగా వచ్చిన నీరు కాసేపు బిందెలో ఉంటే పసుపు తిరగడం, బిందె అడుగున తుప్పు రంగు మడ్డి పేరుకోవడం ఇలాంటి చోట్ల మామూలే.

ఈ నీటిలో సూక్ష్మజీవులను చంపడానికి క్లోరిన్ కలిపితే ఏమవుతుంది? ఇనుము ఆ క్లోరిన్‌లో కొంత భాగాన్ని ముందే తినేస్తుంది. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేశారు కాబట్టి నీరు శుభ్రమైనట్టేనని ఊరంతా అనుకుంటుంది. నిజానికి చివరి కుళాయి దగ్గరకు వచ్చేసరికి క్లోరిన్ ఏమీ మిగలకపోవచ్చు. ఎంత వేశామన్నది రిజిస్టరులో ఉంటుంది. ఎంత మిగిలిందన్నది మాత్రం కొలిస్తేనే తెలుస్తుంది. అరచేతిలో పట్టే చిన్న క్లోరిన్ మీటరు చేసే పని అదే.

మిగులు ఎందుకు ముఖ్యం?

నీటిలో కలిపిన క్లోరిన్‌కు రెండు పనులుంటాయి. మొదటిది, అప్పటికే నీటిలో ఉన్న సూక్ష్మజీవులను చంపడం. రెండోది, ఆ నీరు పైపుల్లో ప్రయాణించి ఇంటి బిందెలోకి చేరేవరకు కాపలా కాయడం. పైపు ఎక్కడైనా పగిలి మురుగు చేరినా, బిందెలో చెయ్యి పెట్టి ముంచుకున్నా, కొద్దిగా మిగిలి ఉన్న క్లోరిన్ ఆ కాలుష్యాన్ని కొంతవరకు అడ్డుకుంటుంది. దీన్నే అవశేష క్లోరిన్ అంటారు.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం స్వేచ్ఛా అవశేష క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ కావాల్సినప్పుడు కనీసం 0.5 ఉండాలి. ఇది 1 మిల్లీగ్రాము దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా క్లోరిన్ కలిపి కనీసం అరగంట గడిచాక 0.5, ఇంటికి చేరే చోట కనీసం 0.2 ఉండాలని చెబుతోంది. 0.2 మిల్లీగ్రాములంటే వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తంలో గ్రాములో ఐదో వంతు. చిటికెడు ఉప్పు కన్నా తక్కువ.

వానాకాలంలో ఈ చిటికెడే ప్రాణాలు కాపాడుతుంది. బస్తర్‌లో వర్షాలు భారీగా కురుస్తాయి. వాగులు పొంగి, బావుల్లోకి, బోరింగుల చుట్టూ వరద నీరు చేరుతుంది. వాంతులు, విరేచనాలు మొదలయ్యేది ఆ రోజుల్లోనే. ఆసుపత్రి దూరంగా ఉండి, దారిలో వాగు అడ్డంగా ఉన్న ఊళ్ళో చిన్నపిల్లకు విరేచనాలు పట్టుకుంటే ఒక్క పూట ఆలస్యం కూడా ప్రమాదమే.

డీపీడీ అనే సాక్షి

నీటిని శుద్ధి చేయడానికి క్లోరిన్‌ను వాడటం వందేళ్ళకు పైబడిన సంగతి. ద్రవరూపంలోకి మార్చిన క్లోరిన్‌తో తాగునీటిని శుద్ధి చేయవచ్చని 1903లో ప్రతిపాదించిన విన్సెంట్ నెస్‌ఫీల్డ్ మన దేశంలోని ఇండియన్ మెడికల్ సర్వీసులో అధికారి. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తన నీటి సరఫరాకు నిరంతరం క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. తేలిగ్గా, నమ్మకంగా కొలిచే పద్ధతి మాత్రం అంత త్వరగా రాలేదు. చాలాకాలం ఆర్థోటోలిడిన్ అనే రసాయనాన్ని వాడారు. క్లోరిన్ ఉంటే అది నీటిని పసుపు రంగులోకి మారుస్తుంది. క్యాన్సర్ కారకమన్న అనుమానంతో చాలా దేశాలు దాన్ని వదిలేశాయి.

దాని స్థానంలోకి వచ్చింది డీపీడీ. బ్రిటన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త పాలిన్ 1957లో ఈ పద్ధతిని ప్రకటించారు. డీపీడీకి రంగు లేదు. నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ తగలగానే అది గులాబీ రంగులోకి మారుతుంది. క్లోరిన్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన.

గులాబీ రంగు చూసి కంటితోనే అంచనా వేయవచ్చు కదా అనిపించవచ్చు. రంగుల చార్టు ఉన్న చవక కిట్లు చేసేది అదే. ఉందా లేదా అన్నంతవరకు అవి బాగానే పనికొస్తాయి. కానీ 0.2కూ 0.4కూ మధ్య తేడా మబ్బు పట్టిన రోజున ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. ఇద్దరు చూస్తే రెండు అంకెలు చెబుతారు. మీటరు ఈ గొడవ లేకుండా చేస్తుంది.

ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదివినవారికి ఈ మీటరు లోపలి సంగతి పాత స్నేహితుడిలా కనిపిస్తుంది. అందులో ఒక వైపు ఆకుపచ్చ కాంతినిచ్చే చిన్న ఎల్‌ఈడీ, ఎదురుగా కాంతిని కొలిచే డిటెక్టరు, మధ్యలో నీటి సీసా ఉంటాయి. గులాబీ రంగు నీరు ఆకుపచ్చ కాంతిని, ముఖ్యంగా 515 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల కాంతిని, బాగా పీల్చుకుంటుంది. అవతలికి ఎంత కాంతి చేరిందో చూస్తే మధ్యలో ఎంత రంగు ఉందో తెలుస్తుంది.

ఇక్కడ పనిచేసేది బీర్-లాంబర్ట్ నియమం. ఒక మోతాదు రంగు కాంతిని సగానికి తగ్గించిందనుకోండి. రంగు రెట్టింపైతే కాంతి మొత్తం ఆగిపోదు. మిగిలిన సగంలో మళ్ళీ సగం, అంటే పావు వంతు అవతలికి వస్తుంది. మూడు రెట్లయితే ఎనిమిదో వంతు. మీటరులోని చిప్ ఈ లాగరిథమ్ లెక్క కట్టి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తెరమీద చూపిస్తుంది.

బోరింగు దగ్గరే ఎందుకు?

నీటిలో ఇనుము, ఫ్లోరైడ్ కొలవాలంటే సీసాలో పట్టి జిల్లా ప్రయోగశాలకు పంపవచ్చు. క్లోరిన్ విషయంలో అది కుదరదు. ఎండ తగిలినా, వేడెక్కినా, సీసా కుదిపినా క్లోరిన్ తగ్గిపోతుంది. గంటలు ప్రయాణించి ప్రయోగశాలకు చేరిన నమూనాలో సున్నా వస్తే, కుళాయి దగ్గరే సున్నా ఉందా, దారిలో పోయిందా అన్నది ఎవరూ చెప్పలేరు. అందుకే నీటి దగ్గరకు మీటరే వెళ్ళాలి.

పరీక్ష చేసే తీరు ఇదీ. కుళాయిని కాసేపు వదిలి, సీసాను అదే నీటితో రెండుసార్లు కడగాలి. గీత వరకు, సాధారణంగా 10 మిల్లీలీటర్లు, నీరు పట్టి, బయటి తడినీ వేలిముద్రలనూ మెత్తటి గుడ్డతో తుడవాలి. మందు వేయకుండానే మీటరులో పెట్టి సున్నా చేయాలి. తర్వాత డీపీడీ పొడి వేసి కలిపి, నిమిషంలోపు అంకె చదవాలి. ఆలస్యమైతే, నీటిలో ఉండే క్లోరమైన్లు కూడా నెమ్మదిగా రంగు తెస్తాయి. అప్పుడు అంకె అసలు కన్నా ఎక్కువ కనిపిస్తుంది.

అదే నీటితో సున్నా చేయడం దంతెవాడలాంటి చోట చాలా ముఖ్యం. నీటిలో ముందే ఉన్న తుప్పు రంగు, మసక కూడా కాంతిని అడ్డుకుంటాయి. సున్నా చేసినప్పుడు మీటరు వాటిని పక్కన పెట్టి, కొత్తగా వచ్చిన గులాబీ రంగును మాత్రమే లెక్కిస్తుంది. నీరు మరీ బురదగా ఉంటే మాత్రం ఈ ఉపాయం చాలదు. ముందు తేర్చుకోవాలి.

ఇనుము తినేసే వాటా

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. భూమి లోపలి నీటిలో కరిగి ఉన్న ఒక మిల్లీగ్రాము ఇనుము సుమారు 0.64 మిల్లీగ్రాముల క్లోరిన్‌ను ఖర్చు చేస్తుంది. ఉదాహరణకు ఒక ఊళ్ళో 10,000 లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. నీటిలో ఇనుము లీటరుకు 2 మిల్లీగ్రాములు. ఇనుముకే దాదాపు 1.3 మిల్లీగ్రాముల క్లోరిన్ పోతుంది. సేంద్రియ పదార్థాలకు కొంత పోగా 0.5 మిగలాలంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు వేయాలి. అంటే ట్యాంకుకు 20 గ్రాముల క్లోరిన్ కావాలి.

బ్లీచింగ్ పౌడర్ మొత్తం క్లోరిన్ కాదు. తాజా పౌడరులో సుమారు మూడో వంతు మాత్రమే పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. 30 శాతం ఉందనుకుంటే 67 గ్రాముల పౌడరు చాలు. కానీ మూత సరిగా లేని సంచిలో, వానాకాలపు చెమ్మలో పౌడరు బలం వేగంగా తగ్గుతుంది. అది 15 శాతానికి పడిపోయిందనుకోండి. అదే 67 గ్రాములు వేస్తే నీటిలోకి చేరేది లీటరుకు 1 మిల్లీగ్రాము. ఇనుముకే అది చాలదు. మిగిలేది సున్నా. వేసినవారి తప్పు ఇందులో లేదు. కొలత పాత్ర అదే, మోతాదు అదే, రిజిస్టరులో సంతకమూ ఉంది. నీటిలో మాత్రం కాపలా లేదు.

ఇలాంటి నీటికి సరైన మోతాదు కనుక్కునే తేలిక పద్ధతి ఉంది. నాలుగు ప్లాస్టిక్ బకెట్లలో పదేసి లీటర్ల నీరు పట్టాలి. 1 శాతం క్లోరిన్ ద్రావణాన్ని సిరంజితో 1, 2, 3, 4 మిల్లీలీటర్ల చొప్పున వేయాలి. అంటే లీటరుకు 1, 2, 3, 4 మిల్లీగ్రాములు వేసినట్టు. అరగంట ఆగి ఒక్కో బకెట్‌నూ మీటరుతో కొలవాలి. ఏ బకెట్‌లో 0.5 దగ్గరగా ఉందో అదే ఆ నీటికి తగిన మోతాదు. ఈ పరీక్ష నీటి ఆకలినీ, పౌడరు బలహీనతనూ ఒకేసారి లెక్కలోకి తీసుకుంటుంది. ఇనుము బాగా ఎక్కువుంటే ముందు నీటికి గాలి తగిలించి, తుప్పును తేర్చి, వడకట్టి, ఆ తర్వాత క్లోరిన్ కలపడం మేలు. లేకపోతే క్లోరిన్ పడగానే కరిగిన ఇనుము తుప్పుగా మారి ట్యాంకు నీరంతా ఎర్రబడుతుంది.

మీటరూ పొరబడుతుంది

తెరమీద అంకె కనిపించగానే నమ్మేయడం మనకు అలవాటు. క్లోరిన్ మీటరు విషయంలో రెండు చిక్కులు తెలిసి ఉండాలి.

మొదటిది అతి ప్రమాదకరం. క్లోరిన్ మరీ ఎక్కువైతే డీపీడీ రంగే చెరిగిపోతుంది. గులాబీ ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది, మీటరు సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. చూసినవారు క్లోరిన్ లేదనుకుని మరింత పౌడరు వేస్తారు. అనుమానం వస్తే ఒక వంతు నీటికి తొమ్మిది వంతులు క్లోరిన్ లేని నీరు కలిపి మళ్ళీ కొలవాలి. పలుచన చేశాక అంకె పెరిగితే, అసలు నీటిలో క్లోరిన్ అతిగా ఉన్నట్టే.

రెండోది మాంగనీసు. ఇనుముతో పాటు భూగర్భ జలంలో ఇదీ ఉంటుంటుంది. క్లోరిన్ తగిలి ఆక్సీకరణం చెందిన మాంగనీసు కూడా డీపీడీని గులాబీ చేస్తుంది. అప్పుడు లేని క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. మాంగనీసు ఉన్న చోట, రెండో నమూనాలో ముందుగా క్లోరిన్‌ను తటస్థం చేసి డీపీడీ వేయాలి. అయినా వచ్చిన రంగు మాంగనీసుది. మొదటి అంకె నుంచి దాన్ని తీసేయాలి.

నీటి పీహెచ్ కూడా చూడాలి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం, సూక్ష్మజీవులను బాగా చంపే హైపోక్లోరస్ ఆమ్ల రూపంలో ఉంటుంది. పీహెచ్ 8.5కు పెరిగితే అది పదో వంతుకు తగ్గుతుంది. మీటరు ఈ రెండు రూపాలనూ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. అంకె అదే, చంపే శక్తి వేరు.

అంకె ఎవరి చేతిలో?

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పించాలన్న ఏర్పాటు ఉంది. ఆశా కార్యకర్తల కన్నా ముందే ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌లు వచ్చారు. మితానిన్ అంటే స్నేహితురాలు. ఇంటింటికీ తిరిగే ఇలాంటి మహిళ చేతిలో మీటరు ఉంటే ఆ అంకెకు విలువ పెరుగుతుంది. ఎందుకంటే క్లోరిన్ పోరాడాల్సింది సూక్ష్మజీవులతోనే కాదు, నాలుకతో కూడా. కొందరు లీటరుకు 0.3 మిల్లీగ్రాముల దగ్గరే క్లోరిన్ రుచి పసిగడతారు. మోతాదు ఎక్కువై నీరు మందు వాసన కొడితే జనం ఆ కుళాయిని వదిలి వాగు ఒడ్డున తవ్విన గుంట దగ్గరకు వెళ్తారు. మనం చెలమ అనేదాన్నే అక్కడ ఝిరియా అంటారు. చెలమ నీరు తియ్యగా ఉండవచ్చు, సురక్షితమని చెప్పలేం. మోతాదు తక్కువైతే రోగం, ఎక్కువైతే చెలమ. ఈ రెంటి మధ్య 0.2 నుంచి 0.5 వరకు ఉన్న సన్నటి దారిని కళ్ళు కట్టుకుని నడవలేం.

క్లోరిన్ అన్నిటికీ మందు కాదు. ఫ్లోరైడ్‌ను, ఆర్సెనిక్‌ను అది తీసేయదు. క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులు దాన్ని తట్టుకుంటాయి. మలినం చేరిందా లేదా అన్నది తేల్చడానికి బాక్టీరియా పరీక్ష విడిగా చేయాలి. అలాంటి నీరు పడితే నల్లబడే చవకైన హెచ్2ఎస్ సీసా పద్ధతిని 1982లో ప్రకటించింది గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలే. ఆ సీసా ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. క్లోరిన్ మీటరు రెండు నిమిషాల్లో చెబుతుంది. ఒకటి జరిగిపోయిన కాలుష్యానికి సాక్ష్యం, మరొకటి ఈ పూట కాపలా ఉందో లేదో చెప్పే కబురు. రెండూ కావాలి.

దంతెవాడలో దంతేశ్వరి గుడి దగ్గర శంఖిని, డంకిని నదులు కలుస్తాయి. ఆ నీరు ఇంద్రావతిలో, అక్కడి నుంచి గోదావరిలో కలిసి మన దాకా వస్తుంది. ఇనుము నీటి చిక్కు కూడా ఆ జిల్లాకే పరిమితం కాదు. మీ ఊళ్ళో ట్యాంకుకు క్లోరిన్ వేశారని తెలిస్తే, ఎంత వేశారని అడిగి ఊరుకోకండి. ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయి దగ్గర ఈ ఉదయం ఎంత మిగిలిందని అడగండి. ఆ అంకె 0.2 కన్నా తక్కువుంటే, నీటిని మరిగించి తాగడం ఆ రోజుకు మీ చేతిలో ఉన్న పని. కారణం పౌడరా, పైపా, ఇనుమా అన్నది కనుక్కోవడం సరఫరా చేసేవారి పని.