నలుదిక్కుల ఛాయాచిత్రము

లేపాక్షి వీరభద్రాలయ మండపమున నిలిచిన యాత్రికుని కాళ్లు కదలకున్నను మెడ తిరుగుచునే యుండును. ఎదుట శిల్పములు చెక్కిన స్తంభములు. తలయెత్తినచో కప్పుమీద విజయనగర కాలపు వర్ణచిత్రములు. వెనుదిరిగినచో ప్రాకారమున ఎండ. ఆ చోటున తీసిన ఫొటో మాత్రము కిటికీవంటిది. దాని చట్రమునకు వెలుపల నున్నదేదియు అందులోనికి రాదు. నలుదిక్కులను, మీదను, క్రిందను ఒకే చిత్రమున నిమిడ్చి, చూచువాడు తనకు నచ్చిన వైపు తిరిగి చూచునట్లు చేయుటయే నేడు 'వర్చువల్ టూర్' అని పిలువబడు ప్రక్రియకు మూలము.

ఈ కోరిక క్రొత్తది కాదు. గుండ్రని గోడ లోపలివైపున దృశ్యమంతయు చిత్రించి, ప్రేక్షకుని నడుమ నిలుపు పద్ధతికి రాబర్ట్ బార్కర్ అను చిత్రకారుడు 1787లో పేటెంటు పొందెను. 1793లో లండను నగరపు లీస్టర్ స్క్వేరులో ఇందుకొరకే ఒక భవనము వెలసెను. ఛాయాచిత్రమును కంప్యూటరు తెరపై ఇటునటు త్రిప్పి చూచు సాధనమును 1995లో ఆపిల్ సంస్థ ప్రజలకు అందించెను.

అట్టి చిత్రమును తీయుటకు ఖరీదైన కెమేరాకంటె ముందు ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. రేడియో ముందు కూర్చుండియే మీరు దీనిని పరీక్షింపవచ్చును. ఒక కన్ను మూయుడు. బొటనవ్రేలిని ముఖమునకు జానెడు దూరమున నిలిపి, గోడమీది గడియారముతో సూటిగా కలుపుడు. వ్రేలిని కదల్చక తలను మాత్రము ప్రక్కకు త్రిప్పుడు. వ్రేలు గడియారమునుండి తొలగినట్లు కనబడును. కారణమేమి? తల మెడపై తిరుగును. కన్ను మెడకు ముందున్నది. కావున తల తిరిగినప్పుడు కన్ను చోటు మారినది.

కెమేరా విషయమును ఇంతే. దానిని చేతబట్టుకొని మనము గిరగిర తిరిగినచో లెన్సు చోటు మారును. దగ్గరి స్తంభము ఒక ఫొటోలో వెనుకటి శిల్పమును కప్పును, మరియొక దానిలో కప్పదు. అట్టి రెండింటిని అతికినప్పుడు స్తంభము విరిగినట్లగును. లెన్సులోనికి ముందునుండి చూచినచో ఒక చిన్న రంధ్రము కనబడును గదా. కెమేరా సరిగా ఆ బిందువు చుట్టే తిరుగవలెను. అందులకై ముక్కాలి స్టాండుపై కెమేరాను ముందువెనుకలకు జరుపు పట్టీ నొకదానిని బిగింతురు. దగ్గరి స్తంభమును దూరపు స్తంభముతో కలిపి చూచి, కెమేరాను త్రిప్పినను ఆ రెండును విడిపోనంతవరకు సర్దవలెను. రక్షిత కట్టడములలో ముక్కాలి నిలుపుటకు పురావస్తుశాఖవారి అనుమతి ముందుగా పొందవలెను.

మిక్కిలి విశాలముగా చూచు 'ఫిష్ ఐ' లెన్సుతో సాధారణముగా చుట్టును ఆరు, మీదికి ఒకటి, క్రిందికి ఒకటి ఫొటోలు చాలును. ప్రక్కప్రక్క ఫొటోలలో పావువంతైనను ఉమ్మడి భాగముండవలెను. వెలుగు, రంగు, దూరముల అమరికను మొదట నిర్ణయించి, చివరివరకు మార్చరాదు. మార్చినచో కప్పు మీది రంగులు అతుకు అతుకునకు వేరుగా తోచును. లోపలి నీడకును వెలుపలి ఎండకును పొత్తు కుదరనిచోట ప్రతి దిక్కునకు మూడేసి ఫొటోలు, వెలుగు హెచ్చుతగ్గులతో తీసి, పిదప కలుపుదురు.

ఆపైన కూర్పు. హ్యూగిన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు, ఉమ్మడి భాగములలోని ఒకే గుర్తులను పోల్చి, ఫొటోలను జతపరచును. ఫలితము వెడల్పు ఎత్తునకు రెట్టింపుగా నుండు పటము. గోళమును పరచిన ప్రపంచపటము వంటిది. దానిని మరల గోళముగా చుట్టి, చూచువానిని నడుమ నిలిపినట్లు తెర చూపును. ఇట్టి గోళములను ద్వారములవలె ఒకదానితో నొకటి కలిపినచో ఆలయమంతయు సంచరింపవచ్చును. క్రింద కనబడు ముక్కాలిని చెరిపివేయుట తప్పు కాదు. గోడమీది పగులును, వెలిసిన రంగును చెరుపుట మాత్రము తగదు, అవియు చరిత్రలోనివే.

ఇంత శ్రమ యెందుకందురా? నాగార్జునకొండ లోయను తలచుకొనుడు. 1954 నుండి 1960 వరకు అచట జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకుల నాటి విహారములు, స్తూపములు, రంగస్థలము బయల్పడినవి. పిదప సాగరజలము లోయను నింపెను. కొన్ని కట్టడములను కొండపైనను, అనుపులోను తిరిగి నిర్మించిరి. ఆ మెట్లపై నేడును కూర్చుండవచ్చును. కాని ఆ మెట్లు తొల్లి ఉన్నచోట కూర్చుండి చుట్టును చూచినచో కనబడిన లోయ నేడు కనబడదు. విడి ఫొటో వస్తువు ఎట్లున్నదో చెప్పును. నలుదిక్కుల చిత్రము అది ఎవరి నడుమ, దేని నీడన ఉన్నదో చెప్పును. మీ యూరి పాత మండపమో, కూలనున్న లోగిలియో నిలిచియున్నప్పుడే దాని నడుమ ముక్కాలి నిలుపుడు.