ఫైటర్ చేపకి ఓ చిన్న ఇల్లు

"అమ్మా, ఒక్కటంటే ఒక్కటే! కొనిపెట్టవా?" అని పిల్లలు కొంగు పట్టుకుని లాగితే కాదనగలిగే తల్లి ఎవరు చెప్పండి? అక్వేరియం షాపులో వరసగా పేర్చిన ప్లాస్టిక్ కప్పుల్లో నీలంగా, ఎర్రగా, పట్టు పరికిణీ కుచ్చెళ్ళలాంటి రెక్కలు ఆడిస్తూ కనిపిస్తుంది ఫైటర్ చేప. దాని అసలు పేరు బెట్టా. "చిన్న గిన్నె చాలమ్మా, గాలి మోటారు కూడా అక్కర్లేదు" అంటాడు షాపతను. ఖర్చు తక్కువ, చోటు తక్కువ, పైగా పిల్లాడి ముఖం వెలిగిపోతూ వుంటుంది. ఇంకేం కావాలి? కూరగాయల సంచిలో టమాటాల పైన ఆ నీళ్ళ కవరుని పదిలంగా పెట్టుకుని ఇంటికొచ్చేస్తాం.

నేనూ అలాగే తెచ్చాను. గుండ్రటి గాజు గిన్నెలో వేసి టీవీ పక్కన పెట్టాను. మావాడు దానికి 'రాజా' అని పేరు పెట్టాడు. నాలుగో రోజుకి గిన్నె అడుగున మడ్డి చేరింది. మనకేమో మురికి కనిపిస్తే చెయ్యి వూరుకోదాయె! చేపని గ్లాసులోకి తీసి, గిన్నెని అంట్ల సబ్బుతో తళతళా తోమి, కొళాయి కింద పెట్టి నింపాను. ఎనిమిదో రోజున మళ్ళీ అదే పని. పదకొండో రోజు పొద్దున రాజా ఒక పక్కకి ఒరిగి తేలుతూ కనిపించాడు. "నువ్వు రోజూ శుభ్రం చేశావు కదమ్మా, మరెందుకు చచ్చిపోయింది?" అని అడిగాడు మావాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెదికి, నేర్చుకుని, రెండోసారి పెంచిన చేప మూడేళ్ళు బతికింది. ఆ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లో ఇప్పటికే గిన్నెలో ఫైటర్ వుంటే కంగారు పడకండి, ఆలస్యమేమీ కాలేదు.

పుట్టిల్లు థాయిలాండ్

ఈ చేపది థాయిలాండ్, అంటే పూర్వపు సయాం దేశం. అక్కడి వరి పొలాల్లో, నెమ్మదిగా పారే కాలువల్లో, నాచూ మొక్కలూ దట్టంగా వుండే నీళ్ళలో పుట్టింది. మగ చేపలు ఒకదాన్ని చూసి ఒకటి రెక్కలు విప్పి కలబడతాయి కాబట్టి, అక్కడ తరతరాలుగా వీటితో పందాలు ఆడారు, మన దగ్గర కోడి పందాల్లాగా! 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. పొలాల్లో దొరికే అసలు చేప ఇంత సింగారంగా వుండదు. ఈ పొడుగు రెక్కలూ, రంగులూ మనుషులు ఏరి ఏరి జత కట్టించగా వచ్చినవి.

దీని తలలో లాబిరింత్ అనే అవయవం వుంది. దాంతో ఇది నీటి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. మన కొర్రమీను చూడండి, బజారులో బేసిన్లో నాలుగు చెంబుల నీళ్ళున్నా గంటల తరబడి కొట్టుకుంటూనే వుంటుంది కదా? అదీ గాలి పీల్చే చేపే కాబట్టి. 'గాలి మోటారు అక్కర్లేదు' అని షాపతను చెప్పింది అబద్ధం కాదన్నమాట. కానీ గాలి పీల్చగలిగినంత మాత్రాన మురికి నీళ్ళలో బతకగలదని కాదు. అక్కడే అందరం పొరపాటు పడుతున్నాం.

తొట్టి ఎంత వుండాలి?

పది లీటర్లకి తగ్గితే వద్దు. ఇరవై లీటర్లయితే మీకే సుఖం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు వున్న గాజు తొట్టి తీసుకుని, పైన రెండంగుళాలు వెలితి వుంచితే ఇరవై లీటర్లు దాటే పడతాయి. తొట్టి పెద్దదైతే చాకిరీ ఎక్కువనుకుంటాం గానీ, నిజానికి తక్కువ. చారెడు నీళ్ళలో చిటికెడు మురికి పడినా విషమే, బిందెడు నీళ్ళలో అదే చిటికెడు లెక్కలోకి రాదు.

నీళ్ళూ, రాళ్ళూ, గాజూ కలిపి ముప్ఫై కిలోలు దాటుతుంది. కాబట్టి పాత కుర్చీ మీదా, ఊగే స్టూలు మీదా పెట్టకండి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే వారం తిరక్కుండా గాజుకి నాచు పట్టేస్తుంది. వంటింట్లో పోపు పొగ, దేవుడి గదిలో సాంబ్రాణి పొగ, పడగ్గదిలో దోమల మందు, ఏదీ దీనికి పడదు. నీటి పైన గాలినే కదా ఇది పీల్చేది! మూత తప్పనిసరి, ఎందుకంటే ఈ చేప గెంతుతుంది. ఆ మూతకీ నీళ్ళకీ మధ్య గాలి ఆడే ఖాళీ వుండాలి.

అడుగున గుండ్రటి చిన్న రాళ్ళు పోయండి. అలంకరణకి ప్లాస్టిక్ మొక్కలు మాత్రం వద్దు, వాటి అంచులకి ఆ పట్టులాంటి రెక్కలు చిరిగిపోతాయి. అనుబియాస్, జావా ఫెర్న్ అనే మొక్కలు అడగండి. వాటికి మట్టి అక్కర్లేదు, ఎక్కువ వెలుతురూ అక్కర్లేదు. రాయికి దారంతో కట్టేస్తే చాలు, మన ఇంట్లో మనీప్లాంటంత ఓర్పుగలవి. రాత్రి చేప ఆ ఆకు మీద ఒరిగి నిద్రపోతుంటే చూడాలి, ముచ్చటేస్తుంది!

పెరుగు తోడు పెట్టినట్టు...

రాజా ఎందుకు చచ్చిపోయాడో ఇప్పుడు చెబుతాను. ఇదొక్కటీ అర్థమైతే మిగతాదంతా సులువే.

చేప విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేతా నీళ్ళలో అమ్మోనియాగా మారతాయి. నీళ్ళు చూడ్డానికి తేటగానే వుంటాయి, కానీ అది చేప మొప్పల్ని కాల్చేస్తుంది. ప్రకృతిలో దీనికి విరుగుడు వుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ చివరిది కొద్దిగా వుంటే చేపకి హాని లేదు. వారం వారం కాసిని నీళ్ళు మారిస్తే అదీ పోతుంది.

ఈ మేలు చేసే బాక్టీరియా నీళ్ళలో తేలుతూ వుండదు. ఫిల్టరు స్పాంజికి, రాళ్ళకి, గాజుకి అంటుకుని వుంటుంది. నేను సబ్బుతో తోమి పారేసింది దాన్నే! పాలు తోడుకోవాలంటే కాస్త తోడు వెయ్యాలి, కదపకుండా వుంచాలి, కొంత సమయం ఇవ్వాలి. ఇదీ అంతే. ఒక రాత్రిలో మాత్రం తోడుకోదు, మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మరి ఏం చెయ్యాలి? తొట్టి ముందు, చేప తర్వాత. తొట్టిలో నీళ్ళు నింపి, స్పాంజి ఫిల్టరు పెట్టి నడపండి. లోపల చేప వున్నట్టే రోజూ చిటికెడు చేపల మేత వెయ్యండి. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, దాన్ని తింటూ బాక్టీరియా పెరుగుతుంది. ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా నడుస్తున్న అక్వేరియం వుంటే, వాళ్ళ ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ తొట్టిలో వేసుకోండి. పక్కింటి నుంచి తోడు తెచ్చుకోమూ? అలాగే! అక్వేరియం షాపుల్లో నీటి పరీక్ష కిట్లు దొరుకుతాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కాస్త కనిపించిందంటే ఇల్లు సిద్ధమైనట్టే. గృహప్రవేశం చేయించవచ్చు.

చేప ఇప్పటికే గిన్నెలో వుంటే అంతకాలం ఆగలేరు కదా. వెంటనే పెద్ద తొట్టిలోకి మార్చి, మేత సగానికి తగ్గించి, మొదటి నెలంతా రోజూ నాలుగో వంతు నీళ్ళు తీసి కొత్తవి పోస్తూ వుండండి. కాస్త చాకిరీయే, కానీ ప్రాణం దక్కుతుంది.

నీళ్ళ సంగతి

పట్నాల్లో కొళాయి నీళ్ళలో క్లోరిన్ వుంటుంది. అది మనకి రక్ష, చేపకీ ఆ బాక్టీరియాకీ శిక్ష. క్లోరిన్ విరుగుడు చుక్కలు షాపుల్లో దొరుకుతాయి, అవి వాడటం శ్రేష్ఠం. లేదంటే బకెట్టులో పట్టి, మూత పెట్టకుండా ఒక రోజంతా వుంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. బోరు నీళ్ళలో క్లోరిన్ వుండదు గానీ ఉప్పదనం ఎక్కువ. మరీ చవుడు బోరయితే మంచినీళ్ళు కలిపి పోయండి. ఆర్.ఓ. నీళ్ళు మంచివి కదా అని అవే పోయకండి, వాటిలో చేపకి కావలసిన ఖనిజాలు వుండవు.

తోడు పడ్డాక వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు, అంటే అయిదారు లీటర్లు, గొట్టంతో అడుగు మడ్డితో సహా లాగేసి అంతే కొత్తవి పోయండి. కొత్త నీళ్ళ చల్లదనం పాత నీళ్ళంతే వుండాలి. ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద కడగవద్దు, తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టెయ్యండి. ఈ పనికి ఒక బకెట్టు, ఒక మగ్గు విడిగా కేటాయించండి. వాటికి సబ్బు అన్నది తగలకూడదు సుమా! తీసిన నీళ్ళు పారబొయ్యకండి, గులాబీ కుండీలకి పోసి చూడండి.

ఫిల్టరు గాలి నెమ్మదిగా రావాలి. పొడుగు రెక్కల చేప కదా, ప్రవాహంలో ఈదలేక అలిసిపోతుంది. గాలి మోటారు నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి మోటారు పాడవుతుంది.

నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య వుంటే దీనికి హాయి. కోస్తాలో చాలా నెలలు బాధ లేదు. హైదరాబాదులో, ఆదిలాబాదు వైపు డిసెంబరు, జనవరి చలికి చేప ముడుచుకుని అడుగున కూర్చుంటుంది. అప్పుడు చిన్న హీటరు, థర్మామీటరు కావాలి. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకటం మర్చిపోకండి. ఎండాకాలంలో ఐసు ముక్కలు వెయ్యకండి. తొట్టి పైకి ఫాను గాలి తగిలేలా చేస్తే చాలు.

ఇంకో చిట్కా మన పెరట్లోనే వుంది. నాటు బాదం చెట్టు తెలుసు కదా, గొడుగులా పరుచుకుని ఎర్రటి ఆకులు రాల్చేది? రాలి ఎండిన ఆకు ఒకటి బాగా కడిగి తొట్టిలో వెయ్యండి. నీళ్ళు లేత టీ రంగుకి వస్తాయి. భయపడకండి, అది మురికి కాదు. చేప పుట్టింటి నీళ్ళు అలాగే వుంటాయి. ఆగ్నేయాసియాలో ఫైటర్లు పెంచేవాళ్ళు ఈ ఆకు వాడటం మామూలే. దుమ్మూ పొగా పట్టిన రోడ్డు పక్క చెట్టుదీ, మందు కొట్టిన చెట్టుదీ మాత్రం వద్దు.

మేత, మర్యాద

పూటకి రెండు మూడు గింజలు, రోజుకి రెండు పూటలు. అంతే! మన చేతికి ఇది చాలా కష్టం, పెట్టడం అలవాటైన చెయ్యి కదా. ఆకలిగా చూస్తోందని పిల్లలు ఇంకో నాలుగు వేస్తారు. చేప ఎప్పుడూ ఆకలిగానే చూస్తుంది. వారంలో ఒక రోజు ఉపవాసం పెట్టండి, అది దానికి మంచిదే. ఇది పురుగులు తినే చేప. అన్నం మెతుకులు, బిస్కెట్ ముక్కలు దీని తిండి కాదు.

ఒక తొట్టికి ఒకే మగ చేప. తోడు లేక దిగులు పడుతోందని ఆడ చేపని తెచ్చి కలపకండి, దాన్నీ కరిచి చంపేస్తుంది. ఈ ఒంటరితనం మనకి బాధగానీ దానికి కాదు. అద్దం చూపించి రెక్కలు విప్పించడం పిల్లలకి సరదా. ఒకటి రెండు నిమిషాలు చాలు, రోజంతా అద్దం ఎదురుగా పెడితే లేని శత్రువుతో పోరాడి పోరాడి అలిసిపోతుంది. నీటి పైన నురగలాంటి బుడగలు కనిపిస్తే తుడిచెయ్యకండి. మగ చేప పిల్లల కోసం కట్టుకునే గూడు అది. ఇంట్లో ఆడ చేప లేకపోయినా కడుతూనే వుంటుంది, పిచ్చిది!

రెక్కల అంచులు చిరిగినట్టుగా కరుగుతుంటే మందుల కంటే ముందు నీళ్ళు చూసుకోండి. కొన్నాళ్ళు రోజూ కాసిని నీళ్ళు మారిస్తే చాలాసార్లు అదే తగ్గుతుంది. ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు వస్తే మాత్రం మందు కావాలి, షాపులో దొరుకుతుంది. పొట్ట ఉబ్బి, పొలుసులు పైకి లేచి నిలబడ్డాయంటే కోలుకోవడం అరుదు. పిల్లలకి ముందే మెల్లగా చెప్పి వుంచండి. బాగా చూసినా ఈ చేప ఆయుష్షు రెండు నుంచి నాలుగేళ్ళే. ఇక పెంచలేమనిపిస్తే పెంచేవాళ్ళకి ఇవ్వండి గానీ, చెరువులోనో కాలువలోనో వదలకండి.

సెలవులకి ఊరెళ్ళాలంటే? పెద్ద చేప మూడు నాలుగు రోజులు మేత లేకుండా నిక్షేపంగా వుంటుంది. వెళ్ళే ముందు రోజు నీళ్ళు మార్చి, మూత సరిచూసి వెళ్ళిపోండి. అంతకంటే ఎక్కువ రోజులైతే తాళంచెవి పక్కింటివాళ్ళకి ఇవ్వక తప్పదు. కానీ మేత డబ్బా మాత్రం ఇవ్వకండి! ఒకసారి నేనిచ్చి వెళ్ళాను. మా పక్కింటి పిన్నిగారు ప్రేమకొద్దీ గుప్పెడు వేశారు. తిరిగొచ్చేసరికి నీళ్ళు కుడితిలా వున్నాయి. చేప బతికింది, అదే పదివేలు. అప్పట్నించీ కాగితం పొట్లాల్లో పూటకి మూడు గింజల చొప్పున కట్టి, మీద వారం పేరు రాసి, డబ్బా బీరువాలో పెట్టి మరీ వెళుతున్నాను.