కోపం వస్తే ఒక రాత్రి ఆగండి.. 30 ఏళ్ల కిందటి ఇంటర్నెట్ మర్యాదలు ఏమయ్యాయి?

కామెంట్లలో తిట్లు, పూర్తిగా చదవకుండానే రిప్లైలు, "పది మందికి పంపితే మంచి జరుగుతుంది" అనే ఫార్వర్డ్‌లు.. ఇవన్నీ మనం రోజూ చూస్తున్నవే. అయితే ఇలా చేయొద్దని 1995లోనే రూల్స్ రాశారని తెలుసా?

ఆ ఏడాది ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తెచ్చింది. రెండు నెలలకే, అక్టోబర్‌లో, అమెరికాలో 'ఆర్‌ఎఫ్‌సీ 1855' అనే డాక్యుమెంట్ వచ్చింది. దీన్ని రాసింది ఇంటెల్ ఉద్యోగి శాలీ హాంబ్రిడ్జ్. నెట్‌లో పాటించాల్సిన ఈ మర్యాదలకు 'నెటికెట్' అని పేరు.

అందులో ఏముంది?

అన్నీ క్యాపిటల్ లెటర్లలో రాస్తే అరిచినట్టు ఉంటుంది. మెయిల్ కింద పెట్టే సంతకం నాలుగు లైన్లు దాటొద్దు. కొత్త గ్రూపులో చేరితే ఒకటి రెండు నెలలు చదవాలి, ఆ తర్వాతే రాయాలి. కోపంతో రాసిన జవాబును ఒక రాత్రి ఆగి పంపాలి. ఇక చైన్ లెటర్లు అసలు పంపొద్దు, పంపితే కనెక్షనే కట్ అంటూ హెచ్చరించారు.

ఇంత పట్టింపు ఎందుకంటే.. అప్పట్లో చాలామంది నెట్‌కు నిమిషాల లెక్కన డబ్బు కట్టేవారు. మీరు పంపే ప్రతి అనవసరపు లైనూ అవతలివాళ్ల జేబుకు చిల్లే.

ఎక్కడ తేడా కొట్టింది?

అమెరికాలో ఏటా సెప్టెంబర్‌లో యూనివర్సిటీల్లో చేరిన కొత్త విద్యార్థులు నెట్‌లోకి వచ్చేవారు. కొన్ని వారాలు గందరగోళం ఉండేది. పాతవాళ్లు నేర్పితే సర్దుకునేది. 1993-94లో ఏఓఎల్ కంపెనీ తన కస్టమర్లందరికీ ఈ చర్చా గ్రూపుల తలుపులు తెరిచింది. నేర్పేవాళ్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. అందుకే పాతవాళ్లు దానికి 'ముగింపు లేని సెప్టెంబర్' అని పేరు పెట్టారు.

ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్, చవక డేటా వచ్చాయి. పంపడానికి ఖర్చు లేదు. పైగా ఎక్కువ మంది స్పందించే పోస్టునే యాప్‌లు ఇంకా ఎక్కువ మందికి చూపిస్తాయి. అంటే ఒకప్పుడు చీవాట్లు తెచ్చిన కోపమే ఇప్పుడు వ్యూస్ తెస్తోంది!

మర్యాద నుంచి ప్రాణాల దాకా

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వదంతులు పాకాయి. వాటిని నమ్మి దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. తెలుగు రాష్ట్రాల్లోనూ దాడులు జరిగాయి. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకేసారి ఐదు చాట్‌లకు పరిమితం చేస్తున్నట్లు ప్రకటించింది. 2020 ఏప్రిల్ నుంచి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. మనుషులు పాటించని మర్యాదను చివరికి యాప్‌లోనే బిగించాల్సి వచ్చిందన్నమాట.

అయితే అన్ని రూల్స్‌నూ ఇలా బిగించలేం. తెలుగులో క్యాపిటల్ లెటర్లే లేవు. మనం అరవాలంటే 'మీరు' కాస్తా 'నువ్వు' అవుతుంది, 'ఆయన' కాస్తా 'వాడు' అవుతాడు. దాన్ని ఆపే బటన్ ఏ యాప్‌లోనూ లేదు.

నాలుగు లైన్ల సంతకం రూల్‌కు కాలం చెల్లింది. కానీ ఒక రాత్రి ఆగమన్న మాటకు మాత్రం ఇప్పుడే ఎక్కువ పని ఉంది. కోపంలో టైప్ చేసింది సెండ్ కొట్టకుండా ఉంచి, పొద్దున్నే మళ్లీ చదవండి. అప్పుడూ పంపాలనిపిస్తే పంపండి.