ముసురుకే గోడ ఎందుకు తడుస్తుంది?

బాపట్ల వైపు పల్లె నుంచి ఒక పాఠకురాలు రాశారు: "రోహిణి కార్తె దాటేలోపే పనులన్నీ తెముల్చుకున్నామండీ. పిడకలు వసారాలోకి చేర్చాం, గడ్డివాము మీద తాటాకు కప్పాం, వంటింటి పెంకులు సర్దించాం, డాబా మీద ఆకులూ అలములూ ఊడ్చి తూములు తీయించాం. అయినా ఏటా కిటికీ చుట్టూ గోడ చెమ్మెక్కుతోంది. అదీ పెద్ద వానకు కాదు, ముసురుకు. ఎందుకంటారు?"

పగుళ్ళుంటే పూడ్పించుకోవాలి, డాబా వాటం తూమువైపు ఉందో లేదో చూసుకోవాలి. ఆ మాత్రం మీ మేస్త్రీ కూడా చెబుతాడు. నన్ను పట్టుకున్నది చివరి మాట. జడివానను తట్టుకున్న గోడ ముసురుకు తడవడమేమిటి?

నిండు గ్లాసులోంచి పాలు నెమ్మదిగా వంపి చూడండి. కింద గిన్నెలో పడాల్సిన ధార గ్లాసు అంచు చుట్టి, దాని ఒంటినే పట్టుకుని జారి, మన చేతిమీదికి వస్తుంది. గబుక్కున వంపితే బుద్ధిగా గిన్నెలో పడుతుంది. కిటికీ మీది సజ్జా అంచున వాననీరు చేసేదీ ఇదే. శాస్త్రవేత్తలు దీన్ని టీపాట్ ఎఫెక్ట్ అంటారు. టీ కూజా మూతికి అంటుకుని టేబుల్‌గుడ్డ పాడుచేసే టీ వల్ల ఆ పేరు వచ్చింది.

1956లో దీన్నొక చిక్కుప్రశ్నగా నలుగురి ముందుకూ తెచ్చినవాడు మార్కస్ రైనర్. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త, పదార్థాలు ఎలా పారతాయో, ఎలా సాగుతాయో చెప్పే రియాలజీకి ఆద్యుల్లో ఒకడు. ఎవరినడిగినా వెంటనే తట్టే జవాబు తలతన్యత. మరుసటి ఏడాదే అమెరికా గణితవేత్త జోసెఫ్ కెల్లర్ అది కాదన్నాడు. గాలి పీడనం అన్నాడు.

ఆయన లెక్క ముచ్చటైనది. పారే నీరు వంపు తిరగాలంటే దాన్ని ఆ వంపు లోపలికి నెట్టే బలం ఒకటి కావాలి. నీటిపొర బయటి ముఖం మీద గాలి పీడనం ఎలాగూ ఉంది. అంచును ఆనుకున్న లోపలి ముఖం దగ్గర పీడనం అంతకన్నా తగ్గుతుంది. ఆ తేడా వల్ల గాలే నీటిని అంచుకేసి అదిమిపెడుతుంది. ఎంత తేడా? 2 మిల్లీమీటర్ల మందమున్న పొర సెకనుకు అర మీటరు వేగంతో, 1 సెంటీమీటరు వ్యాసార్ధమున్న గుండ్రటి అంచును తిరిగిందనుకోండి. తేడా సుమారు 50 పాస్కల్స్ వస్తుంది. ఆ పొర తన బరువుతో కలిగించే ఒత్తిడి 20 పాస్కల్సే. అంటే అంచు తిరుగుతున్నంతసేపూ నీరు కింద పడకుండా గాలి పట్టి ఉంచగలదు! ఈ కూజా లెక్కకే కెల్లర్‌కూ ఆయనతో పనిచేసిన వాండెన్ బ్రోక్‌కూ 1999లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది.

(ఇలా అంటుకోవడాన్ని కొవాండా ఎఫెక్ట్ అని రాసే పుస్తకాలున్నాయి. అది గాలిలో పారే గాలిధారకో, నీటిలో పారే నీటిధారకో సంబంధించిన సంగతి. చుట్టూ ఉన్న ఆ గాలినో నీటినో తనలోకి లాక్కోవడం దాని కిటుకు. ఇక్కడ ఆ బేరమే లేదు.)

అంతా బాగుంది గానీ, కెల్లర్ లెక్కలో మన పాఠకురాలి ప్రశ్నకు జవాబు లేదు. నెమ్మదిగా పారే నీరే ఎందుకు అంటుకోవాలి? 2010లో ఫ్రాన్స్ పరిశోధకులు కూజా మూతికి నీరంటని పూత పూసి చూశారు. అంటుకోవడం మాయమైంది! 2021లో వియన్నా, లండన్ పరిశోధకులు మిగతా కథ విప్పారు. అంచు కింద ఎప్పుడూ ఒక చిన్న బొట్టు తడిగా నిలిచే ఉంటుంది. ప్రవాహం జోరుగా ఉంటే ఆ బొట్టు మరీ చిన్నదై ధారను మళ్ళించలేదు. జోరు ఒక హద్దుకన్నా తగ్గితే బొట్టు పెరిగి, మొత్తం ధారను అంచు చుట్టూ తిప్పేస్తుంది. ఆ బొట్టును అక్కడ పట్టి ఉంచేది తలతన్యతే కాబట్టి, తలతన్యత అన్నవాళ్ళు సగమైనా సరైనవాళ్ళేనని అరవై ఏళ్ళు దాటాక తేలిందన్నమాట. చంద్రుడి మీద కూడా కూజా ఇలాగే కారుతుందట.

ఇక సజ్జా దగ్గరికి. ముసురులో అంచుకు చేరే నీరు సన్నటి పొర, దానికి జోరు లేదు. అంచు తిరిగి అడుగుకు చేరుతుంది. గాలి నెట్టినా, అడుగు రవ్వంత గోడవైపు వాలి ఉన్నా లోపలికి పాకి గోడనందుకుంటుంది. దీనికి పాత మేస్త్రీల దగ్గర విరుగుడుంది. సజ్జా అడుగున, అంచుకు అంగుళం రెండంగుళాల లోపలగా పొడుగునా ఒక గాడి తీస్తారు. పాకుతూ వచ్చిన తడి గాడి పదునైన మూల దగ్గర ఆగుతుంది. సిమెంటు ఉపరితలం అక్కడ నిటారుగా పైకి తిరుగుతుంది కాబట్టి, ముందుకు కదలాలంటే నీటి అంచు మరో తొంభై డిగ్రీలు ఒరగాలి. పందొమ్మిదో శతాబ్దంలోనే అమెరికా శాస్త్రవేత్త గిబ్స్ చెప్పిన నియమం ఇది. ఈలోగా వెనక నుంచి నీరు చేరుతూ ఉంటుంది, బొట్టు ఉబ్బి, సాగి, మెడ సన్నబడి తెగి పడుతుంది. అడుగునుంచి టార్చి వేసి చూస్తే గాడి పొడవునా బొట్లు వరసగా వేలాడుతుంటాయి, గాడికి అవతల సిమెంటు పొడిగా ఉంటుంది.

గాడి వెడల్పు కూడా ఊరికే పెట్టింది కాదు. గురుత్వాకర్షణ, తలతన్యత సరితూగే కొలత నీటికి 2.7 మిల్లీమీటర్లు. తాపీ కొసతో గీసిన గీతలాంటి సన్నటి గాడిని బొట్టు అవలీలగా దాటేస్తుంది. సెంటీమీటరుకు తగ్గకుండా ఉంటే ఆ ప్రమాదం ఉండదు. తాటాకిళ్ళకు ఈ తంటా లేదు. చూరున వేలాడే ఒక్కో ఆకు కొసా ఒక్కో బొట్టును తెంపుతుంది, చూరు గోడకు దూరంగానూ ఉంటుంది.

ఇక నా గోడు. ఈ రోజుల్లో రంగులు వేసేవాళ్ళు సజ్జా అడుగు నున్నగా రావాలని ఆ గాడిని లప్పంతో పూడ్చేస్తారు. ఇంటివాళ్ళు చూసి భలే నీటుగా ఉందంటారు. మృగశిర వచ్చేలోపు ఉలితో దాన్ని తవ్వించండి. అసలు గాడే లేకపోతే అంచు పొడవునా అల్యూమినియం పట్టీ బిగించి, కిందికి సెంటీమీటరు దిగేలా చూసుకోవచ్చు. చేతికి గీసుకోకుండా కింది అంచు గుండ్రంగా మడిచిస్తానంటాడు బిగించేవాడు. వద్దనండి, పదునుగానే ఉంచమనండి.