ఊపిరి లెక్కపెట్టడం వచ్చా?

"న్యుమోనియానే కదా సిస్టర్, యాంటీబయాటిక్ ఇస్తే తగ్గిపోదా?" ఐసీయూ బయట బంధువులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలామందికి తగ్గుతుంది. మరి కొందరి ప్రాణం ఎందుకు పోతుంది? స్టాఫ్ నర్సుగా నేను చూస్తున్న కారణాలు చెబుతాను.

వయసు 65 దాటితే ముప్పు ఎక్కువ. షుగర్, గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు, సిగరెట్, తాగుడు ఉంటే ఒంట్లో పోరాడే శక్తి ముందే తగ్గిపోయి ఉంటుంది.

అయితే ఆసుపత్రికి వచ్చేసరికి మనిషి ఎలా ఉన్నాడన్నది కూడా అంతే ముఖ్యం. దీనికి డాక్టర్లు 'కర్బ్-65' అనే స్కోరు చూస్తారు. అందులో ఐదే అంశాలు: మనిషి తికమకపడటం, రక్తంలో యూరియా పెరగడం, ఊపిరి నిమిషానికి 30 లేదా ఆపైన ఉండటం, బీపీ పడిపోవడం, వయసు 65 లేదా ఆపైన ఉండటం. ఒక్కోదానికి ఒక్కో మార్కు. మార్కులు పెరిగేకొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది.

బీపీ నిలబెట్టడానికి మందులు ఎక్కించాల్సి వచ్చినా, వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చినా పరిస్థితి ఇంకా కష్టం. వెంటిలేటర్ ప్రాణం నిలబెడుతుంది. కానీ 48 గంటలు దాటాక ఆ గొట్టం వల్లే కొత్త న్యుమోనియా రావచ్చు. అందుకే మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతాం, పేషెంట్ నోరు శుభ్రం చేస్తుంటాం. క్లెబ్సియెల్లా, ఎసినెటోబ్యాక్టర్ లాంటి మొండి బ్యాక్టీరియా సోకితే చాలా యాంటీబయాటిక్స్ పనిచేయవు.

వీటిలో మన చేతిలో ఉన్నది టైమ్. మెడికల్ షాపులో అడిగి రెండు రోజులు ఒక మాత్ర, తగ్గలేదని ఇంకో రెండు రోజులు మరో మాత్ర... చివరికి పెదాలు నీలంగా మారాక తీసుకొస్తారు. అప్పటికి జబ్బు చాలా ముందుకెళ్లిపోయి ఉంటుంది.

ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో దగ్గు, ఆయాసం ఉంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. నిమిషంలో ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో చూడండి. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20. అది 30కి చేరువైనా, ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ముసలివాళ్లలో ఒక్కోసారి జ్వరమే ఉండదు, ఆ తికమకే మొదటి గుర్తు. "వయసు మీద పడింది, ఏదో మాట్లాడుతున్నారులే" అని వదిలేయకండి.

ఫ్లూ, న్యుమోకోకల్ టీకాల గురించి కూడా డాక్టర్ని ఈ వారమే అడగండి.