అద్దె పెట్టె సొంతమైన కథ

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా కాపురం పెట్టి కేబుల్ కంపెనీ ఇంటర్నెట్ తీసుకుంటే, చాలాచోట్ల బిల్లులో పరికరం అద్దె అని ఒక పద్దు కనిపిస్తుంది. నెలకు 10 నుంచి 15 డాలర్లు. రెండేళ్లు తిరిగేసరికి ఆ డబ్బుతో మంచి మోడెమ్ కొనుక్కోవచ్చు. కొన్నాక అద్దె ఆగుతుంది, కొనకపోతే ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. అయితే ఈ పెట్టెను అంగట్లో కొనుక్కునే వీలు దానంతటది రాలేదు. అది ఎలా వచ్చిందో తెలిస్తే ఏది కొనాలో కూడా తెలుస్తుంది.

కేబుల్ టీవీ అమెరికాలో 1948 ప్రాంతంలో పుట్టింది. పెన్సిల్వేనియా కొండల నడుమ ఊళ్లకు, ఒరెగాన్‌లోని ఆస్టోరియాకు టీవీ తరంగాలు సరిగా అందేవి కావు. ఎత్తున యాంటెనా నిలబెట్టి, అక్కడినుంచి కోయాక్సియల్ తీగ లాగి ఇంటింటికీ బొమ్మ అందించారు. ఆ తీగలో ప్రయాణం ఒకటే దిక్కు: కంపెనీనుంచి ఇంటికి. దారి పొడవునా ఉన్న యాంప్లిఫయర్లు కూడా ఆ దిక్కుకే పనిచేసేవి.

ఇంటర్నెట్‌కు అది చాలదు. ఇంటినుంచి కూడా సంకేతం వెనక్కి వెళ్లాలి. అందుకు యాంప్లిఫయర్లను మార్చి, టీవీ ఛానళ్లకు కింద మిగిలిన 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఇరుకు సందును తిరుగుదారికి ఇచ్చారు. అక్కడ రొద ఎక్కువ. వదులైన కనెక్టర్లలోంచి, నాసిరకం తీగల్లోంచి చొరబడే రేడియో అలజడి వీధిలోని ఇళ్లన్నిటినుంచీ ఒకచోట పోగవుతుంది. కేబుల్ ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ ఉరకలు వేస్తుంటే అప్‌లోడ్ నెమ్మదిగా నడవడానికి మూలం ఈ ఇరుకే.

ఇంకో చిక్కు, ఒకే తీగను వీధంతా పంచుకోవడం. అందరూ ఒక్కసారే పంపితే సంకేతాలు ఢీకొంటాయి. కాలువ కింద రైతులు వంతులవారీగా నీళ్లు పెట్టుకున్నట్టు, ఇక్కడ మోడెములు వంతు అడిగి పంపుతాయి. కంపెనీ కేంద్రంలోని యంత్రం ఒక్కో మోడెమ్ దూరాన్ని బట్టి సంకేతం చేరడానికి పట్టే సమయాన్ని కొలిచి, ఎవరు ఏ క్షణాన పంపాలో చెబుతుంది. మన కంటికి నాలుగు దీపాల పెట్టె, లోపల జరిగేది ఇంత క్రమశిక్షణ!

1990ల మొదట్లో ఈ కేబుల్ మోడెమ్‌ను ఇళ్లకు తేవాలని పట్టుబట్టినవారిలో రూజ్‌బె యాసినీ ముఖ్యుడు. ఇరాన్‌లో పుట్టి, వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదివిన ఇంజినీరు. మసాచుసెట్స్‌లో ఆయన నడిపిన లాన్‌సిటీ సంస్థ, వేల డాలర్లు పలికే పరికరాన్ని కొన్నేళ్లలో వందల్లోకి దించింది. కానీ అప్పట్లో ఒక తయారీదారు మోడెమ్ మరొకరి కేంద్ర యంత్రంతో మాట్లాడేది కాదు. కంపెనీ ఇచ్చిందే వాడాలి, అడిగినంత అద్దె కట్టాలి.

ఆ కట్టు తెంచింది 1997లో వచ్చిన డాక్సిస్ అనే ఉమ్మడి ప్రమాణం. ఒక టీవీ ఛానల్ పట్టే 6 మెగాహెర్ట్జ్ జాగాలో సెకనుకు దాదాపు 38 మెగాబిట్లు పంపే పద్ధతిని అది అందరికీ ఒకటే చేసింది. 2006 నాటి డాక్సిస్ 3.0 అనేక ఛానళ్లను జతకలిపింది. 2013లో వచ్చిన 3.1 ఆ జాగానే ఇంకా పొదుపుగా వాడి గిగాబిట్ వేగాన్ని అందుకుంది. నా దృష్టిలో ఈ మోడెమ్ జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం వేగం కాదు, ఈ ఉమ్మడి ప్రమాణమే.

చట్టం వైపు పోరు ఇంకా పాతది. టెలిఫోన్ తీగకు బయటి పరికరం తగిలించుకునే హక్కు 1968 నాటి కార్టర్‌ఫోన్ తీర్పుతో వచ్చింది. సొంత మోడెమ్ ఉన్నవారినుంచి పరికరం అద్దె వసూలు చేయకూడదన్న నియమం మాత్రం 2020 డిసెంబరులో గానీ అమల్లోకి రాలేదు.

ఇక కొనేటప్పుడు. డాక్సిస్ 3.0 మోడెమ్ ఎంత చవగ్గా దొరికినా వద్దు, 3.1 తీసుకోండి. మీ కంపెనీ ఆమోదించిన జాబితాలో ఆ మోడల్ మీ ప్లాన్ వేగానికి ఉందో లేదో చూడండి. అప్‌లోడ్ దారిని కంపెనీలు ఇప్పుడు వెడల్పు చేస్తున్నాయి, పాత మోడెములు ఆ కొత్త జాగాను అందుకోలేవు. లోపలి చిప్ ఏదో కూడా అడగండి. ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్న మోడెములు వేగ పరీక్షల్లో నెగ్గుతూనే ఆటల్లో, కాల్స్‌లో తడబడతాయని 2016లో బయటపడింది. వైఫై రూటర్ విడిగా ఉండడమే మేలు, ఒకటి పాతబడితే రెండోదాన్ని పారేయనక్కర్లేదు. ల్యాండ్‌లైన్ ఉంటే ఫోన్ జాక్ ఉన్నది కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే అది వేరొకరి ఖాతాకు కట్టి లేదని ముందే రూఢి చేసుకోండి.

ప్లాన్‌లోనే మోడెమ్ కలిపి ఇస్తుంటే కొనడం దండగ. హైదరాబాద్, విజయవాడల్లో చాలా ఇళ్లకు వస్తున్నట్టు మీ ఇంటికీ ఫైబర్ నేరుగా వస్తుంటే ఈ పెట్టెతో పనే లేదు.

మోడెమ్ సొంతదైనా దాని లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మార్చేది కేబుల్ కంపెనీయే. కొత్తది పెట్టాక దాని గుర్తింపు సంఖ్యను (మ్యాక్ అడ్రస్) వాళ్ల దగ్గర నమోదు చేయించండి. అద్దె పెట్టెను తిరిగి అప్పగించి రసీదు తీసుకోండి, తరువాతి రెండు బిల్లుల్లో అద్దె పద్దు పోయిందో లేదో చూసేదాకా ఆ రసీదు దాచండి.